గిగాహెర్ట్జ్ సంగతి తర్వాత, ముందు వాట్లు అడగండి

బెంగళూరు ఎస్పీ రోడ్డులో కంప్యూటర్ షాపుల దగ్గర మన తెలుగు కుర్రాళ్లు ఎప్పుడూ కనిపిస్తారు. మారతహళ్లిలోనో బీటీఎంలోనో పీజీలో ఉంటూ, కొత్త ఉద్యోగం జీతంలో దాచుకున్న డబ్బుతో సిస్టమ్ అసెంబుల్ చేయించుకోవడానికి వస్తారు. ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లు (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), ఎన్ని గిగాహెర్ట్జ్, లాస్ట్ రేటు ఎంత... ఇవన్నీ అడుగుతారు. ఫుల్ లోడ్‌లో ఎన్ని వాట్లు లాగుతుందని మాత్రం అడగరు. ఇప్పుడు అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే అంటాను నేను.

క్లాక్, అంటే గిగాహెర్ట్జ్‌లో చెప్పే వేగం, పెంచుకుంటూ పోతే ఏమవుతుందో ఇరవై ఏళ్ల కిందటే తేలిపోయింది. 2000 మార్చిలో ప్రాసెసర్లు తయారుచేసే ఏఎండీ 1 గిగాహెర్ట్జ్ చిప్ ప్రకటించిన రెండు రోజులకే దాని పోటీదారు ఇంటెల్ కూడా ప్రకటించింది. ఆ పోటీ ఊపులో ఇంటెల్ పెంటియం 4 వేగం 3.8 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లింది. ఆ పైన వేడిని తట్టుకోలేక, 4 గిగాహెర్ట్జ్ మోడల్‌ను 2004లో ఇంటెల్ వదిలేసుకుంది. 2006లో వచ్చిన ఇంటెల్ కోర్ 2 డుయో అంతకంటే తక్కువ క్లాక్‌తోనే పెంటియం 4ను దాటేసింది. చిప్ తినే పవర్ క్లాక్‌తో పాటు పెరుగుతుంది, వోల్టేజ్ విషయంలో అయితే దాని వర్గంతో పెరుగుతుంది (వోల్టేజ్ రెట్టింపైతే పవర్ నాలుగింతలు). చివరి రెండు మూడు వందల మెగాహెర్ట్జ్ రాబట్టాలంటే వోల్టేజ్ కూడా పెంచాలి కాబట్టి, ఆ కాస్త వేగం కోసం మనం చెల్లించేది చాలా ఎక్కువ.

అయినా రెండు కంపెనీలూ మళ్లీ అదే దారి పట్టాయి. ఇంటెల్ కోర్ ఐ9-13900కే బేస్ పవర్ (మామూలు వేగంలో) 125 వాట్లు, టర్బోలో (వేగం పెంచుకున్నప్పుడు) 253. ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్‌కు చెప్పేది 170, లాగేది 230 దాకా. ఫ్రిజ్ కొనేటప్పుడు స్టార్లు లెక్కపెట్టే మనం ఇక్కడ మొదటి అంకె చూసి ఆగిపోతున్నాం. వంద వాట్లు ఎక్కువ లాగే మెషీన్ ఫుల్ లోడ్‌లో రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే నెలకు 24 యూనిట్లు అదనం. కరెంటు పోతే జనరేటర్ మీద నడిచే అపార్ట్‌మెంట్లలో ఆ యూనిట్ ధర ఇంకా ఎక్కువ. పైగా పెద్ద కూలర్, పెద్ద పవర్ సప్లై, పెద్ద యూపీఎస్, వీటి ఖర్చు ప్రాసెసర్ రేటులో ఎక్కడా కనిపించదు. నష్టం డబ్బుతోనూ ఆగదు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని క్రాష్ అవుతుంటే, కారణం అవసరానికి మించిన వోల్టేజ్ అని 2024లో ఇంటెల్ స్వయంగా ఒప్పుకుని వారంటీని రెండేళ్లు పొడిగించింది.

తక్కువ పవర్‌తో ఎక్కువ పని సాధ్యమేనని ఆపిల్ 2020లో చూపించింది. ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే లేదు! డెస్క్‌టాప్‌లో చూస్తే, ఏఎండీ 7800ఎక్స్3డీ చాలా గేముల్లో 13900కేకు దీటుగానో, ఒక అడుగు ముందో నిలిచింది, అదీ దానికంటే బాగా తక్కువ కరెంటుతో. క్లాక్ పెంచి కాదు, క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ) పెంచి సాధించింది.

ధర సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అభిమానంతో ఒకే కంపెనీని పట్టుకుని వేలాడేవాళ్లు మనలో చాలామంది. 2011లో ఏఎండీ బుల్‌డోజర్ చిప్‌లు దెబ్బతిన్నాక ఐదారేళ్లు ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్ కొనుగోలుదారులకు నాలుగు కోర్లే ఇచ్చింది. ఎనిమిది కోర్ల డెస్క్‌టాప్ చిప్ కావాలంటే దాదాపు వెయ్యి డాలర్లు, ఆ పైన. 2017 మార్చిలో ఏఎండీ రైజెన్ 7 1800ఎక్స్ అవే ఎనిమిది కోర్లను 499 డాలర్లకు తెచ్చింది. అదే ఏడాది అక్టోబరుకల్లా ఇంటెల్ ఆరు కోర్ల ఐ7 అమ్మింది. అంటే అంతకుముందు అలాంటి చిప్ ఇవ్వనిది చేతకాక కాదు, ఇవ్వాల్సిన అవసరం రాక. ఇప్పుడు ఇంటెల్ తడబడుతోంది కదా అని సంబరపడేవాళ్లు ఆ ఐదారేళ్లను గుర్తుచేసుకోవాలి. ఏఎండీ ఒక్కటే మిగిలితే అది మాత్రం రేటు ఎందుకు తగ్గిస్తుంది?

కాబట్టి షాపులో మ్యాగ్జిమమ్ పవర్ ఎంతో అడగండి, మదర్‌బోర్డు తర్వాతి తరం చిప్‌కు పనికొస్తుందో లేదో కనుక్కోండి. ఇప్పటికే రైజెన్ 7000 కొన్నవాళ్లు బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్‌లో) పవర్‌కు పరిమితి పెట్టే ఎకో మోడ్ పెట్టి చూడండి, పవర్ తగ్గినంతగా వేగం తగ్గదు.