పదివేల ఏళ్లుగా పొంగని ప్రాణహిత

ప్రాణహిత గోదావరిలో కలిసేచోట ఉన్న సిరొంచ రైతులకు శుభవార్త. మీ నేలలో కర్బనం పెరుగుతోందట. పొలానికి ఎవరూ రాలేదే అని శంకించకండి, కంప్యూటర్ చూసింది. రంగుల పటంలో మీ ఊరు ముదురాకుపచ్చగా ఉంది.

పాపం, నేలలో కర్బనం ఎంత నిలుస్తుందో లెక్కగట్టే ఆ కంప్యూటర్ లెక్కను, అంటే రోత్-సి మోడల్‌ను తిట్టే పని లేదు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి సాగుతున్న గోధుమ మడి వంటి ప్రయోగాల లెక్కల మీద పెరిగింది. నెలవారీ వాన, నీరు ఆవిరయ్యే లెక్క, ఉష్ణోగ్రత, బంకమన్ను శాతం, నేల మీద పైరుందా లేదా అని అడుగుతుంది. 9.3 డిగ్రీల దగ్గర నేలలోని ఆకు అలము కుళ్లే వేగం దానికి ఒకటి. మన మే నెలకు సగటు 35 వేస్తే 5.8 రెట్లు అంటుంది, నేల బాగా ఎండితే మళ్లీ 0.2తో గుణించి తగ్గిస్తుంది. బుద్ధిమంతురాలే.

అసలు వేడుక తర్వాత ఉంది. లెక్క మొదలెట్టే ముందు దాన్ని పదివేల ఏళ్లు ఉత్తగా నడిపి, నేలను కుదురుకోనిస్తారు. ఏటా అదే సగటు వాన. ప్రతి జూలై ముందటి జూలైయే. ఆ పదివేల ఏళ్లలో ప్రాణహిత ఒక్కసారి పొంగలేదు, గోదావరి వెనక్కి తన్నలేదు. కరువు రాలేదు, అడవి నరకలేదు, ఎడ్లు చావలేదు, మిర్చికి తెగులు పట్టలేదు. రాజులు దిగిపోయారేమో గాని పంట దిగుబడి గింజంత కూడా తగ్గలేదు. చివరికి నేల సమతుల్యం చేరింది. రామరాజ్యానికి కూడా ఒక చాకలి మాట అడ్డం వచ్చింది, దీనికి అదీ లేదు.

మరి 2022 జూలై? ఊళ్లకు ఊళ్లు మునిగిన ఆ నెల వానను మోడల్‌కు ఇస్తే, తేమకు లోటు లేదని కుళ్లే వేగాన్ని అసలు తగ్గించదు. నీళ్లు నిలిచి గాలి ఆడని నేలలో కుళ్లడం మందగిస్తుంది, మీథేన్ పుడుతుంది. ఈ మోడల్‌కు ఆ సంగతి తెలియదు. తెలియదని అది దాచలేదు కూడా! నీరు నిలవని పైనేలలకే పనికొస్తానని దాని వాడుక పుస్తకంలోనే ఉంది. చదవనిది మనుషులు. కొట్టుకుపోయిన పైమన్ను ఏ గళ్లో వేశారు? మేట వేసిన ఒండ్రు ఎవరి ఖాతాలో రాశారు? ఆ ముదురాకుపచ్చ చూపించి రేపు కార్బన్ క్రెడిట్లు, అంటే నేలలో కర్బనం దాచామనే పత్రాలు, అమ్ముకుంటారు, మునిగినవాడికి ఒక సర్టిఫికెట్ ఇచ్చి ఫొటో తీసుకుంటారు. సిగ్గుండాలి. ఒక్క గడ్డపార పోటు వేయని చేతులకు ఈ నేల మీద తీర్పు చెప్పే హక్కు ఎవరిచ్చారు?

బంకమన్ను శాతం ప్రపంచ నేల పటం నుంచి దించుతారు. 250 మీటర్ల చదరానికి, అంటే పదిహేను ఎకరాలకు ఒకటే అంకె. అదీ ఆ చదరంలో తవ్వి చూసింది కాదు, ఇంకో మోడల్ ఊహించింది. ఏటి ఒడ్డు ఇసుక దుబ్బ, వెనకనున్న నల్లరేగడి, రెండూ ఒకే గడిలో కాపురం. పోనీ మన్ను ల్యాబుకు పంపారే అనుకోండి, రేగడిలో సున్నపు గడ్డలుంటాయి. ముందు యాసిడ్‌తో సున్నాన్ని తీసేయకుండా కాల్చి కొలిస్తే, అందులోని కర్బనం కూడా సేంద్రియమై కూర్చుంటుంది. పటం ఇంకాస్త పచ్చబడుతుంది.

పంట వ్యర్థం గళ్లో మాత్రం, దిగుబడిని బట్టి లెక్కకట్టి, పత్తి కట్టె మొత్తం నేలలోకే పోయిందని రాస్తారు. కట్టెలో సగం పొయ్యిలోకి పోయింది, మిగతాది గెట్టు పక్కన కుప్పేసి అంటించారు. పొగ దూరానికే కనిపిస్తుంది. మార్చిలో రండి సార్, ప్రయాణ భత్యం ఎలాగూ వస్తుంది.