యాంటెన్నా కాడ రిఫరెన్స్ డిజైన్‌ను మార్చకున్రి
చిప్ కంపెనీ ఇచ్చే రిఫరెన్స్ డిజైన్ (నమూనా డిజైన్) ల స్కీమాటిక్, అంటే సర్క్యూట్ బొమ్మ, చూసి గీసుకుంటే వైర్‌లెస్ బోర్డు పనిచేస్తదని కొందరు రాసిన్రు. అన్నా, గది సగం మాటనే. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ కాడ లేఅవుట్, అంటే బోర్డు మీద రాగి గీతలు, భాగాలు పరిచిన తీరు, కూడా సర్క్యూటే. చిప్ నుంచి యాంటెన్నా దాక పోయే ట్రేస్ (రాగి గీత) ఇంపిడెన్స్, అంటే సిగ్నల్‌కు తగిలే అడ్డు, 50 ఓమ్స్ ఉండాలె. నాలుగు లేయర్ల బోర్డుకు లెక్కగట్టిన వెడల్పును మనోళ్లు పైసలు తక్కువైతయని రెండు లేయర్ల 1.6 ఎంఎం బోర్డుల అట్లనే పెడితే కిందున్న గ్రౌండ్ రాగి పొర దూరమై ఇంపిడెన్స్ మస్తు పెరుగుతది, సిగ్నల్ వెనక్కి కొడ్తది. హన్మకొండల ఇంజనీరింగ్ పిల్లల బోర్డులు చూస్తుంట, ఈఎస్‌పీ32 అనే వైఫై మాడ్యూల్‌ను నడిమిట్ల పెట్టి యాంటెన్నా కింద రాగి అట్లనే వదిలేస్తరు. మిర్చి చేన్ల మోటర్ కాడ పెట్టేదానికి రేంజే పానం కదా! యాంటెన్నా బోర్డు అంచు దాటి బయటికి రావాలె. చిప్‌కు యాంటెన్నాకు నడుమ మ్యాచింగ్ కాంపొనెంట్ల (ఇంపిడెన్స్ సరిచేసే చిన్న భాగాల) జాగ కూడ తీసెయ్యకున్రి, ప్లాస్టిక్ డబ్బా మారితే మళ్ల ట్యూన్ చేసుకునేది దాంతోనే.