సవరణ: చెక్క ఫ్లోర్‌కి వ్యాక్స్ పెట్టే ముందు

పాత చెక్క ఫ్లోర్ మెరవాలంటే వ్యాక్స్ పట్టించి మెత్తటి గుడ్డతో రుద్దమని ముందు పోస్టులో రాశాను కదా, అది అన్ని ఫ్లోర్లకీ కాదు. పైన పాలీయురెథేన్ (ప్లాస్టిక్ లాంటి గట్టి పారదర్శక పూత) ఉంటే వ్యాక్స్ లోపలికి ఇంకదు, పైనే పేరుకుని కాలు జారుతుంది, రేపు కొత్త కోటింగ్ వేద్దామన్నా అది పట్టదు. దయచేసి ముందు ఏ పూతో చూసుకోండి: కంటికి కనబడని మూల రెండు చుక్కల నీళ్లు వేసి 10 నిమిషాలు ఆగండి, చుక్క కింద తెల్లటి మచ్చ తేలితే అది వ్యాక్స్ ఫ్లోరే, నా పద్ధతి మీకు పనికొస్తుంది. ఆ మచ్చ మీద కాస్త వ్యాక్స్ వేసి సన్నటి స్టీల్ ఊల్‌తో (ఉక్కు పీచుతో) మెల్లగా రుద్దితే పోతుంది. మచ్చ రాకుండా నీళ్లు ముత్యంలా నిలబడితే పాలీయురెథేన్ అయ్యుండొచ్చు, దానికి పైపైన సన్నగా శాండింగ్ చేసి (గరుకు కాగితంతో రుద్ది), దుమ్మంతా తుడిచి, కొత్త కోటు వేయడమే సరైన దారి.

వెనిగర్ నీళ్లతో రోజూ తుడవకండి, మెరుపు తగ్గిపోతుంది.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. చెక్కకి అవిసె నూనె పట్టించినవాళ్లు ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. బయట విడివిడిగా పరిచి పూర్తిగా ఆరాకే పారేయండి.