జామకాయకి స్టిక్కర్ ఏదీ?

పోయిన వానాకాలంలో మా బాబాయికి డెంగీ వచ్చి హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో చేర్చారు. చూడ్డానికి వెళ్తూ నేనొక నేరం చేశాను. కిలో జామకాయలు కొనుక్కెళ్ళాను.

గదిలో అప్పటికే చుట్టాలు కిక్కిరిసి ఉన్నారు. మంచం పక్కన బల్ల మీద ఆరు పెట్టెల కివీ పళ్ళు. పెట్టెకి మూడు. ఒక్కో పండు పొట్ట మీద గుండ్రటి స్టిక్కర్, పెళ్ళికూతురి బొట్టులాగా. నా చేతిలో సంచి చూసి పిన్ని మొహం మాడిపోయింది.

"జామకాయలేంట్రా, జలుబు చేస్తుంది! డెంగీకి కివీ తేవాలని ఆ మాత్రం తెలీదూ?"

తెలీదు. అందుకే తెలుసుకున్నాను. న్యూజిలాండ్ మనకి 11,000 కిలోమీటర్ల పైమాటే. అక్కడ కివీ కోతలు మార్చిలో మొదలవుతాయి. అంటే మన ఉగాది రోజుల్లో కోసిన కాయ శీతల గిడ్డంగుల్లో నెలల తరబడి నిద్రపోయి, ఓడెక్కి, వినాయక చవితికి మా బాబాయి మంచం పక్కన కళ్ళు తెరిచిందన్నమాట. 100 గ్రాముల కివీలో విటమిన్ సి సుమారు 90 మిల్లీగ్రాములు. అంతే జామకాయలో 200 దాటుతుంది. ఈ లెక్క పిన్నికి అప్పజెప్పాను. స్టిక్కర్ లేని సంచి వైపు ఒకసారి చూసి, దాన్ని కాలితో మంచం కిందకి తోసింది.

జ్వరం తగ్గాక, కోలుకునే దశలో ప్లేట్‌లెట్లు వాటంతట అవే పెరుగుతాయని డాక్టరుగారు చెప్పారు. చుట్టాలంతా శ్రద్ధగా విన్నారు. ఆయన గది దాటేదాకా ఆగి, ఇంకో కివీ కోశారు.

అసలు ఈ పండు పుట్టిల్లు చైనా. 'చైనీస్ గూస్‌బెర్రీ' అంటే విదేశాల్లో ఎవడు కొంటాడని న్యూజిలాండ్ వ్యాపారులు 1959లో తమ పక్షి పేరు దీనికి తగిలించారు. తెలివైనవాళ్ళు. మనకీ పక్షులున్నాయి. 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుక. పేరు అరువివ్వకపోయినా, తరతరాలుగా కొరికి మరీ జామకాయకి నాణ్యత ముద్ర వేస్తోంది. చిలక కొట్టిన కాయ తియ్యగా ఉంటుందని మన ఊళ్ళల్లో తెలియని పిల్లాడుండడు. ఏం లాభం? ఆ ముద్ర మీద బార్‌కోడ్ లేదు.

జామ మాత్రం మనదా, అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళు తెచ్చిందేగా అని మా బావ లాజిక్ తీశాడు. తెచ్చిందే. ఆవకాయలో మిరపకాయా అక్కణ్ణుంచి వచ్చిందే. బావ ఆవకాయ మానేసిన రోజు జామకాయ వంశవృక్షం తీరిగ్గా చర్చిద్దాం.

ఇంతకీ కివీల సంగతి. బాబాయి ఒక ముక్క తిని, "పచ్చి చింతకాయలా ఉంది" అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు. పారెయ్యడానికి పిన్నికి మనసొప్పలేదు. ఒక పెట్టె పక్క గది పేషెంటుకి ఇచ్చింది. వాళ్ళు ఎదురు గదికిచ్చారు. ఎదురు గదివాళ్ళు కింది అంతస్తులో ఎవరో తెలిసినాయన్ని పలకరించడానికి పట్టుకెళ్ళారు. ఆయన డిశ్చార్జి అయి వెళ్తూ మానవత్వంతో మా పక్క గదికిచ్చాడు. పక్క గదివాళ్ళు, తీసుకున్నదానికి బదులివ్వాలి కదా, మూడో రోజు సాయంత్రం మాకు తెచ్చిచ్చారు. పెట్టె మూల మీద పిన్ని బాల్‌పెన్‌తో రాసిన మా గది నంబరు అలాగే ఉంది. స్టిక్కర్ల అంచు కూడా లేవలేదు. పిన్ని కళ్ళనిండా నీళ్ళు. "ఎంత మంచివాళ్ళురా!"

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. ఆస్పత్రి గేటు బయట జరిగింది తల్చుకుంటే మాత్రం నాకు నవ్వు రాదు. అక్కడ ఒకావిడ గంప ముందు పెట్టుకుని జామకాయలు అమ్ముతుంది. కిలో 80. మూడు కివీల పెట్టెకి నోరెత్తకుండా 150 కట్టిన మా బావ, ఆవిడ దగ్గర మాత్రం 50కిస్తావా అన్నాడు. అదీ పొద్దున కాదు, చీకటి పడ్డాక. పండిన జామ రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుందని, గంప ఖాళీ చేసుకోకపోతే ఆవిడకి గతిలేదని ఆ పెద్దమనిషికి తెలుసు. సిగ్గులేదూ? స్టిక్కర్ చెప్పిన ధరకి తలూపుతాం, మనిషి చెప్పిన ధరకి గొంతు పెంచుతాం. అదే జామకాయకి నురుగు వల తొడిగి 'థాయ్ గ్వావా' అని ఏసీలో పెడితే నోరు మూసుకుని ట్రాలీలో వేసుకుంటాం. రేపు కోత కూలీ కూడా గిట్టక రైతు చెట్లు కొట్టేస్తే, "చిన్నప్పటి జామకాయల రుచే వేరు" అని ఫేస్‌బుక్‌లో ఏడ్చేదీ మనమే. ఆ ఏడుపుకి లైకులు కొట్టేదీ మనమే.

డిశ్చార్జి రోజు బిల్లు కట్టి గదికొచ్చేసరికి బాబాయి మంచం మీద కూర్చుని ఏదో నములుతున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడి, నేనేనని తెలిశాక, "ఆయమ్మ చేత ఉప్పూకారం తెప్పించా, మీ పిన్నికి చెప్పకు" అన్నాడు. మంచం కింద నా సంచిలో ఒక్క కాయే మిగిలింది.

పిన్ని ఇదేమీ చూడలేదు. అవతలి ఆస్పత్రిలో వాళ్ళ వదినని ఎలాగూ పలకరించాలిగా. కివీ పెట్టె మీద మా గది నంబరు కొట్టేసి, కొత్త నంబరు రాస్తోంది.