యుద్ధకాలంలో ఏకగ్రీవాలు: ఫార్వర్డ్‌లో చెప్పని సంగతి

ఈమధ్య ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఎన్నికలు రద్దు చేసిందట, ఉప ఎన్నికలన్నీ ఏకగ్రీవమేనట, దేశమంతా ప్రధాని చర్చిల్ వెనక నిలబడిందనడానికి అదే రుజువట.

ముందు ‘రద్దు’ సంగతి. 1935లో ఎన్నికైన పార్లమెంటు గడువు 1940లో తీరాలి. ఏటా ఒక చట్టం చేసి, ఒక్కో ఏడాది చొప్పున 1945 దాకా పొడిగించుకుంటూ వచ్చారు. వాయిదా పడింది సాధారణ ఎన్నికలే. ఉప ఎన్నికలు ఆగలేదు.

ఏకగ్రీవాలు చాలానే జరిగాయి, అది నిజం. కానీ ఎందుకు? 1939 సెప్టెంబరులో కన్జర్వేటివ్, లేబర్, లిబరల్ పార్టీలు ఒప్పందం చేసుకున్నాయి: ఖాళీ అయిన సీటు ఎవరిదైతే వాళ్లే అభ్యర్థిని పెట్టాలి, మిగతా ఇద్దరూ పక్కకు తప్పుకోవాలి. లేబర్ పార్టీకి చెందిన కార్మిక నాయకుడు ఎర్నెస్ట్ బెవిన్‌నే చూడండి. 1940 మే నెలలో ఎంపీ కాకుండానే కార్మిక మంత్రి అయ్యాడు. లండన్‌లోని వాండ్స్‌వర్త్ సెంట్రల్ నియోజకవర్గపు లేబర్ ఎంపీని ప్రభువుల సభకు (ఎగువ సభకు) పంపి సీటు ఖాళీ చేయించారు. జూన్‌లో బెవిన్ ఏకగ్రీవం. ఓటరును అడిగిందెవరు? మన పంచాయతీల్లో పెద్దమనుషులు కూర్చుని తేల్చే ఏకగ్రీవాలు గుర్తొస్తే తప్పు మీది కాదు.

‘అన్నీ’ అన్నది మాత్రం శుద్ధ అబద్ధం. ఆ ఒప్పందం పార్టీల మధ్య మాటే తప్ప చట్టం కాదు. 150 పౌండ్ల డిపాజిట్ కట్టగలిగితే ఎవరైనా నామినేషన్ వేయొచ్చు. వేశారు, గెలిచారు కూడా. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. మార్చిలో గ్రాంథమ్‌లో ఒక ఆయుధాల ఫ్యాక్టరీ మేనేజర్, డెనిస్ కెండాల్, స్వతంత్రుడిగా కన్జర్వేటివ్‌ను ఓడించాడు. ఏప్రిల్‌లో ఒకే రోజున రగ్బీ, వాలసీ అనే మరో రెండు కన్జర్వేటివ్ సీట్లు చేజారాయి. జూన్ 21న ఉత్తర ఆఫ్రికాలోని టోబ్రుక్ జర్మన్ల చేతికి పోయింది, నాలుగు రోజులకే మాల్డన్‌లో మరో స్వతంత్రుడు టామ్ డ్రైబర్గ్ గెలిచాడు. ఇలా గెలిచినవాళ్లలో కొందరు చర్చిల్‌ను కాదు, ఆయన చుట్టూ ఉన్న పాత కన్జర్వేటివ్ పార్టీనే తిట్టారన్నది కూడా చెప్పాలి.

నిజంగా తప్పుపట్టాల్సింది ఓటర్ల జాబితాను. చాలాకాలం 1939 నాటిదే వాడారు. ఆ తర్వాత అప్పటి ఓటు వయసు 21 నిండిన కుర్రాళ్లు యుద్ధానికి వెళ్లారు కానీ ఓటు వేయలేకపోయారు. ఫార్వర్డ్‌లో ఆ ముక్క లేదు.

చివరికి 1945లో అందరూ ఓటేస్తే లేబర్ 393 సీట్లతో చర్చిల్ పార్టీని ఓడించింది. చర్చిల్ సొంత సీటు వుడ్‌ఫోర్డ్‌లో ఆయన మీద లేబర్, లిబరల్ పార్టీలు మర్యాదకు పోటీ పెట్టలేదు. ఎవరికీ పెద్దగా తెలియని ఒక స్వతంత్రుడు నిలబడితే, అతనికి పదివేలకు పైగా ఓట్లు పడ్డాయి.