సర్వపిండికి నాలుగు చిల్లులు

హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేసే మా బావమరిదికి నల్లగొండలో ఉన్న మా భూమి పట్టాదారు పాసుపుస్తకం నకలు కావలసి వచ్చింది. ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే అర నిమిషంలో తీరే పని. కాని ఆయనగారు "బావా, అట్ల పంపొద్దు, ఎన్‌క్రిప్ట్ చేసి సంతకం పెట్టి పంపాలె" అని పట్టుబట్టి, పోయిన దసరాకు వచ్చినప్పుడు నా లాప్‌టాప్‌లో తానే ఎక్కించిపోయిన మట్ అనే ఈమెయిల్ ప్రోగ్రాముకు, ఉత్తరాన్ని ఇతరులు చదవలేని రహస్యలిపిలోకి మార్చి (అదే ఎన్‌క్రిప్ట్ చేయడం) సంతకం పెట్టే జీపీజీ అనే ప్రోగ్రామును జోడించమని ఆజ్ఞాపించాడు. మట్‌లో బొమ్మలుండవు, మౌసుతో నొక్కేందుకు బటన్లుండవు. నల్లని తెర మీద తెల్లని అక్షరాలు, ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క పని.

కీ, అంటే ఇతరులకు ఇచ్చేదొకటి, నా దగ్గరే రహస్యంగా ఉంచుకునేదొకటి అయిన తాళంచెవుల జత, తయారుచేయడం, అమరికల ఫైలులో నాలుగు వరుసలు చేర్చడం ఎలాగో అయిపోయాయి. ఆ కీ నాదేనని నిర్ధారించుకోవడానికి దాని వేలిముద్రను, అంటే 40 అక్షరాల వరుసను, ఫోనులో చదవమన్నాడు. బీ అంటే భువనగిరి, డీ అంటే దేవరకొండ, సీ అంటే చండూరు అంటూ ఉమ్మడి జిల్లా అంతా తిరిగివచ్చాను. ఎఫ్‌కు మాత్రం ఊరు తట్టక ప్రతిసారీ ఫ్యాను అన్నాను.

రహస్య కీకి కాపలాగా ఉండే పాస్‌ఫ్రేజ్ పొడవుగా ఉండాలన్నారు కనుక, ఇంగ్లీషు అక్షరాలలో "సర్వపిండికి నాలుగు చిల్లులు" అని పెట్టుకున్నాను. ఆ సమయానికి వంటింట్లో బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు కలిపి గిన్నె అడుగున ఒత్తి, వేలితో చిల్లులు పొడిచి నూనె వేస్తున్న వాసన వస్తున్నది. ఇది ఏ దొంగకూ తట్టదు, నేనూ మరచిపోను.

ఉత్తరం సిద్ధమైంది. పీ నొక్కి, ఎన్‌క్రిప్షన్, సంతకం రెండూ కావాలని బీ నొక్కాను. ఇక పాస్‌ఫ్రేజ్ అడుగుతుందనుకుని, రెండు చూపుడు వేళ్లతో టైపు చేసే అలవాటు వల్ల తెర వైపు చూడకుండా, కీబోర్డు మీదకు వంగి మొత్తం కొట్టి ఎంటర్ నొక్కాను. నిజానికి అప్పటికి అది నన్నేమీ అడగలేదు. అడిగేది పంపమని వై నొక్కిన తరువాతనే. ఈలోగా నేను కొట్టిన మొదటి అక్షరం ఎస్ కావడం, ఆ తెర మీద ఎస్ అంటే విషయం వరుసను (సబ్జెక్టును) దిద్దడం కావడం వల్ల, మిగిలిన పాస్‌ఫ్రేజ్ అంతా వెళ్లి విషయం వరుస చివర కూర్చున్నది. మా అత్తగారింట్లో ఈ వంటకాన్నే తపాలచెక్క అంటారు. నేనూ ఆ మాటనే వాడి ఉంటే మొదటి అక్షరం టీ అయ్యేది, టీ అంటే చిరునామా దిద్దడం, చిరునామా చెడిపోయి ఆ తపాలా ఇల్లు దాటేది కాదు. పుట్టింటి మాట మీది అభిమానం నన్నట్లా ముంచింది. వై నొక్కగానే మళ్లీ పాస్‌ఫ్రేజ్ అడిగితే, మొదటిసారి తప్పు కొట్టి ఉంటానని యంత్రాన్నే తిట్టుకుని, రెండోసారి ఇంకా జాగ్రత్తగా కొట్టి పంపాను.

ఈ ఎన్‌క్రిప్షన్ ఉత్తరం లోపలి భాగానికే కాని, మనం ప్రత్యేకంగా అమర్చుకుంటే తప్ప విషయం వరుసకు వర్తించదు. అది కవరు మీది రాతలాగా అందరికీ కనబడుతూనే పోతుంది. ఈ జీపీజీకి మాతృక అయిన పీజీపీని 1991లో రాసిన ఫిల్ జిమ్మర్‌మన్ మీద అమెరికా ప్రభుత్వం ఆయుధాల ఎగుమతి చట్టం కింద దర్యాప్తు జరిపి, 1996లో గాని వదిలిపెట్టలేదు. అంతటి ఆయుధాన్ని సంపాదించుకున్న నేను, తలుపుకు తాళం వేసి తాళంచెవిని ఆ గొళ్లేనికే తగిలించి వచ్చాను.

బావమరిది తెర మీద నా ఉత్తరం "పాసుబుక్ నకలుఅర్వపిండికి నాలుగు చిల్లులు" అనే శీర్షికతో దిగిందట. సంతకం సరైనదేనని మట్ ధ్రువీకరించింది కూడానట. ఆ సంతకం విషయం వరుసకు వర్తించదు కనుక ఆ మాట నాది కాదని వాదించవచ్చు గాని, మా బంధువర్గంలో దానిని నమ్మే మనిషి లేడు. రహస్య కీ నా లాప్‌టాప్‌లోనే ఉన్నది కనుక ప్రమాదమేమీ లేదని నాకు ధైర్యం చెప్పిన ఆ మహానుభావుడు, మరుక్షణమే తెర ఫొటో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పాసుపుస్తకం వాట్సాప్‌లో పంపకూడదు గాని, బావ పరువు పంపవచ్చునన్నమాట.

నేను వెంటనే పాస్‌ఫ్రేజ్ మార్చాను. కొత్తది గుర్తుపెట్టుకునే ఓపిక లేక చిల్లుల సంఖ్య ఒక్కటే మార్చాను. అరగంట తరువాత మా అత్తగారు ఫోను చేసి, "అల్లుడూ, నాలుగు చిల్లులేంది, నడుమ పచ్చిగుంటది. తక్కువల తక్కువ ఏడన్న పొడవాలె" అన్నారు.

ఆ అంకె వినగానే ఫోను మా ఆవిడ చేతికిచ్చి, మూసిన లాప్‌టాప్ మళ్లీ తెరిచాను.