పాత వార్నిష్ మీద కొత్తది పూసి పడవ బాగుచేశామనకండి

ఇంకా కోపం దిగలేదు. వార్నిష్ వేసి నెల కూడా కాలేదు ఆ పడవకి. అంచు దగ్గర గోరు పెడితే అరచేయంత రేకు లేచి చేతికొచ్చింది. రేకు వెనక పాత వార్నిష్ పసుపు పెంకులు, కింద చెక్క నల్లగా, తడిగా. ఎనిమిది పూతలు వేశారట! మొదటి పూత పట్టుకోవడానికి చెక్కే దొరకనప్పుడు ఎనిమిదైతే ఏంటి, ఎనభైయైతే ఏంటి?

పొక్కులు లేచిన పాత పూత మొత్తం ఊడాల్సిందే. వేడిగాలి కొట్టే హీట్ గన్‌తో మెత్తబరిచి, పదునైన స్క్రేపర్‌తో చెక్క చార వెంటే లాగాలి. అడ్డంగా లాగిన ప్రతి గీతా వార్నిష్ పడ్డాక అద్దంలో చూపించినట్టు కనిపిస్తుంది. అయితే వార్నిష్ కాక రంగు (పెయింట్) వేసిన పాత పడవైతే, ఆ రంగులో సీసం ఉండొచ్చు. దాన్ని వేడి చెయ్యొద్దు, పొడిగా రుద్దొద్దు. సరైన మాస్క్ పెట్టుకుని, తడిపి రుద్దండి. తర్వాత 80 నంబరు గరుకు కాగితం, 120, ఆపైన 180. మధ్యలో ఒకటి ఎగరగొడితే 80 నంబరు కాగితం గీతలు 180కి పోవు. స్టీల్ ఊల్ (ఇనప పీచు) మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, దాని పొడి చెక్కలో ఇరుక్కుని తుప్పు చుక్కలవుతుంది. మేకుల చుట్టూ నల్లమరకలకి ఆక్సాలిక్ యాసిడ్ ఉంది. గ్లౌజులు తప్పనిసరి, తర్వాత నీళ్లతో బాగా కడగాలి.

కడిగాక ఆరనివ్వండి! ఇక్కడే అందరికీ తొందర. పైన ముట్టుకుంటే పొడిగా ఉందని లోపల ఆరినట్టా? తేమ మీటరు 15 శాతం లోపు చూపించేదాకా బ్రష్ ముట్టుకోవద్దు. లోపల మిగిలిన తడి ఎండకి ఆవిరై పూతని కిందనుంచి తోస్తుంది. పొక్కులు వచ్చేది అందుకే.

మొదటి పూత సగానికి సగం థిన్నర్ కలిపి పల్చగా వెయ్యాలి, చెక్క తాగాలి. రెండోదానికి పావు వంతు చాలు. పలకల కోసిన చివరలకి ఇంకో రెండు సార్లు ఎక్కువ పట్టించండి, నీళ్లు తాగే నోళ్లు అవే. పదునైన అంచుల్ని గుండ్రంగా రుద్దండి, లేకపోతే పూత అక్కడ నిలవదు, మొదట చిట్లేది అక్కడే. సాయంత్రం మంచు దిగే వేళ వేస్తే మెరుపు చచ్చి తెల్లగా మసకబారుతుంది. ఇంట్లో బల్లలకి వేసే గట్టి పాలీయురేథేన్ తెచ్చి పడవకి కొట్టేవాళ్లకి చేతులెత్తి చెబుతున్నా, చెక్క ఉబ్బి కుంచించుకునేటప్పుడు దానితోపాటు సాగేది పడవ వార్నిషే. ఎండని తట్టుకునే గుణం కూడా అందులో ఉంటుంది.

అసలు వీళ్లే కదా ఒడ్డున ఎండి విచ్చుకున్న పలకల సందుల్లో గట్టి ఎపాక్సీ పుట్టీ దట్టించేది! ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. పడవ నీళ్లలోకి దిగాక పలకలు ఉబ్బుతాయి. మెత్తటి సీలెంటయితే పక్కకి తప్పుకుంటుంది. రాయిలాంటి పుట్టీ కదలదు, ఆ ఒత్తిడంతా మేకుల మీద, పలకల్ని పట్టి ఉంచే పక్కబద్దల మీద పడుతుంది. ఒక్క తడికే బద్ద విరిగిన పడవలున్నాయి. ముందు నూలు దట్టించి, పైన మెత్తటిది, అదీ పలక మట్టానికి కొంచెం లోతుగా నింపండి. ఉబ్బడానికి చోటు మిగల్చండి!